నిత్యప్రయాణమునకు దగిన సైకిలు, దాని హ్యాండిలు



సైకిలును గూర్చి నేను నేడు కొన్ని మాటలు చెప్పదలచితిని. దానిని తొక్కుట యెట్లో మీకు నేర్పవలసిన పనిలేదు. మీలో పలువురు నలువది యేబది యేండ్లుగా దానిపై పొలమునకును, అంగడికిని, సంతకును పోవుచున్నవారే. సైకిలు కొనునపుడు ఎట్టి బండి కొనవలెను, అందు ముఖ్యముగా ఎట్టి హ్యాండిలు గల బండి కొనవలెను, కొన్న పిమ్మట దానిని మన శరీరమునకు దగినట్లు ఎట్లు అమర్చుకొనవలెను అనునవి నేటి నా విషయములు.

ఇంత చిన్న సంగతికి రేడియోలో ప్రసంగ మేల యని కొందఱు తలంపవచ్చును. అరువదియైదేండ్ల రైతు ఒకడు మణికట్టు నొచ్చుచున్నదని, నడుము పట్టుచున్నదని సైకిలును గోడకు జేర్చినాడనుకొనుడు. మఱునాటినుండి పింఛను తెచ్చుకొనుటకు మనుమనికై కాచుకొనవలెను. మందులకు ఆటోవానిని బ్రతిమాలవలెను. పొలముగట్టు చూచి వచ్చుటకు ఇంకొకరి తీరిక కావలెను. అతని లోకము ఇంటి అరుగువఱకు కుంచించుకొనిపోవును. చుట్టుప్రక్కలవారు వయసు మీఱినది గదా యని ఊరకుందురు. వయసు మీఱుట నిజమే. కాని పెక్కుచోట్ల ఆ నొప్పికి కారణము, ఉండవలసిన దానికన్న రెండంగుళములు క్రిందికి దిగియున్న హ్యాండిలు. రెండంగుళములకై ఒక మనుష్యుడు తన స్వాతంత్ర్యమును గోల్పోవుట న్యాయము కాదు.

నేను మాటలాడుచున్నది ముఖ్యముగా జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతములవారితో. ఈ మూడు పట్టణములును 2016వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీ వఱకు ఒక్క వరంగల్ జిల్లాలోనివే. ఆనాడు మూడును వేఱువేఱు జిల్లాలకు ముఖ్యపట్టణములైనవి. జిల్లా లొకటిగా నున్నపుడును వీని నేలలు ఒకటి కావు, బాటలు ఒకటి కావు. సైకిలు కొనువాడు మొదట తన బాటను దలచుకొనవలెను.

జనగామవైపు మెట్టభూమి. ఎఱ్ఱ మొరము బాటలు, గుండ్రాళ్లు, చెఱువుకట్టల యెత్తుపల్లములు అచట సామాన్యము. హైదరాబాదునుండి వరంగల్లునకు పోవు 163వ సంఖ్య జాతీయ రహదారి జనగామమీదుగా పోవుచున్నది. ఊరిబాటనుండి ఆ రహదారిమీదికి వచ్చినంతనే లోకము మాఱును. బస్సులును, కార్లును ప్రక్కనుండి గాలివలె దూసికొనిపోవును. మహబూబాబాదును మన పెద్దలు నేటికిని మానుకోట యందురు. కాజీపేట, విజయవాడల నడుమ రైలుమార్గము మీద నున్న ఊరది. చుట్టునున్న పల్లెలనుండియు తండాలనుండియు జనులు రైలుకొఱకును, మిరప అంగడికొఱకును వచ్చుచుందురు. వరిపొలముల నడుమ బాటలు వానకాలమున బురదయగును. భూపాలపల్లి సంగతి వేఱు. అచట సింగరేణి బొగ్గుగనులు గలవు, చెల్పూరున కాకతీయ థర్మల్ విద్యుత్కేంద్రము గలదు, కాళేశ్వరమువైపు పోవు 353సి రహదారి గలదు. బరువులారీలు దిరుగు బాటలలో అంచు విఱిగి గోతులు పడును. వానితోడ ధూళి యొకటి. కావున మూడు ప్రాంతములకును ఒకే బండి సరియని చెప్పువాడు బాట నెఱుగనివాడు.

ఇక ఈ వాహనము పుట్టుక కొంచెము తెలిసికొందము. 1817లో జర్మనీదేశమున కార్ల్ ఫన్ డ్రైస్ అనునతడు కొయ్యతో రెండు చక్రముల బండి నొకటి చేసెను. దానికి పైడిళ్లు లేవు. మనుష్యుడు దానిపై గూర్చుండి నేలను కాళ్లతో తన్నుచు పోవలెను. పైడిళ్లు లేకున్నను దానికి త్రిప్పుటకు చేపిడి మాత్రముండెను. అనగా సైకిలున హ్యాండిలు పైడిలుకన్న పెద్దది. 1860వ దశకమున పారిస్ నగరమున ముందుచక్రమునకు పైడిళ్లు తగిలించిరి. అటుపిమ్మట ముందుచక్రము మిక్కిలి పెద్దదియు, వెనుకది చిన్నదియునగు ఎత్తుబండ్లు వచ్చినవి. వానినుండి పడినవారికి దెబ్బలు బలముగ తగులుచుండెను. 1885లో ఇంగ్లాండున కొవెంట్రీ నగరమున జాన్ కెంప్ స్టార్లీ యనునతడు రెండు చక్రములును ఇంచుమించు సమానముగ నుండి, వెనుకచక్రమునకు గొలుసుతో కదలిక నిచ్చు రోవర్ బండిని వెలువరించెను. నేడు మన యిండ్లలోనున్న బండ్లన్నియు దాని సంతతియే. 1888లో బెల్ఫాస్టు నగరమున డన్లప్ అను పశువైద్యుడు గాలి టైరును కనిపెట్టుటతో ఎముకలు కదలు బాధ చాలవఱకు తప్పినది.

ఆ కాలపు ఇంగ్లాండు బాటలకై రూపొందిన నిలువు సైకిలే మన దేశమునకు వచ్చినది. మొదట దిగుమతియై వచ్చెను. తరువాత మనదేశముననే తయారు కాజొచ్చెను. 1949లో మదరాసున టి.ఐ. సైకిల్సు, 1951లో సోనీపట్టున అట్లాసు, 1956లో లూధియానాలో హీరో సైకిల్సు కంపెనీలు వెలసినవి. వీనిలో అట్లాసువారి సాహిబాబాదు కర్మాగారము 2020లో మూతపడెను. ఆ పాత నల్లని బండి రూపము మాత్రము నేటికిని మన పల్లెలలో దిరుగుచునే యున్నది. అది నిలుచుటకు కారణము గలదు. 28 అంగుళముల పెద్దచక్రములు, ముందునకు వాలిన ఫోర్కు, నిడుపైన చట్రము, స్ప్రింగుల సీటు, వెనుకకు వంగిన హ్యాండిలు, ఇవన్నియు ఒకదానికొకటి పొందికగా, చెడ్డబాటను ఓర్చుటకై కూర్చినవి. వానిలో ఒకదానిని మాత్రము మార్చి తక్కినవి యట్లే యుంచిన, పొందిక చెడును.

శరీరమును సైకిలును మూడు చోట్ల మాత్రమే తగులుకొనును. అవి సీటు, పైడిలు, హ్యాండిలు. మన బరువును ఈ మూడును పంచుకొనును. కావడి మోయువానిని జూడుడు. ఒక కుండలోని నీరు తగ్గించిన, రెండవ కుండ క్రిందికి దిగును. ఇచటను అంతియే. నిటారుగ గూర్చున్నచో బరువు సీటుమీద పడును. ముందునకు వంగినచో అది చేతులమీదికి వచ్చును. కావున నిటారు హ్యాండిలునకు వెడల్పైన స్ప్రింగుల సీటు కావలెను. వంగి తొక్కు హ్యాండిలునకు సన్నని గట్టి సీటు తగును. నిటారు హ్యాండిలు పెట్టి సన్నని సీటు నుంచిన బండి ఎవ్వరికిని సుఖము నీయదు. అట్టి బండ్లు నేటి అంగళ్లలో తఱచుగ కనబడుచున్నవి.

అమరికలో మొదటిది సీటు, పిదపనే హ్యాండిలు. ఈ క్రమము తప్పరాదు. సీటుపై గూర్చుండి, ఒకరిని బండి పట్టుకొనుమని, పైడిలును అడుగునకు దింపి, దానిపై మడమ నుంచుడు. అపుడు కాలు తిన్నగా చాగవలెను. తొక్కునపుడు మడమను గాక పాదము ముందుభాగమును పైడిలుపై నుంతుము గనుక, మోకాలు కొంచెము వంగియుండును. అదియే సరియైన యెత్తు. మన పల్లెలలో పలువురు రెండు పాదములును నేలకు పూర్తిగ నానవలెనని సీటును మిక్కిలి దింపుదురు. అట్లు చేసినచో మోకాళ్లు ఎల్లప్పుడును మడిచియే యుండి, ప్రతి త్రొక్కుడునకును వానిపై భారము పెరుగును. మోకాళ్ల నొప్పి యున్నవారు ఈ మాట ముఖ్యముగ గమనింపవలెను. ఐనను ముదుసలికి పడుదునేమో యను వెఱపున్నచో, కొంచెము దింపుకొనుట తప్పుకాదు. వ్రేళ్లకొనలైన నేలకు తగులునట్లు చూచుకొనిన చాలును.

సీటు కుదిరిన పిమ్మట హ్యాండిలు. నిత్యము తొక్కువానికి హ్యాండిలు పిడులు సీటుతో సమానముగనో, ఒకటి రెండు అంగుళములు మీదుగనో యుండవలెను. దూరమునకు పాత మిస్త్రీల కొలత యొకటి గలదు. మోచేతిని సీటు ముక్కునకు జేర్చి చేయి చాపిన, వ్రేళ్లకొనలు హ్యాండిలు నడిమిభాగమును ఇంచుమించుగ తాకవలెను. ఇది శాస్త్రము కాదు, ఆరంభమునకు ఆనవాలు మాత్రమే. తొక్కునపుడు మోచేతులు కొంచెము వంగియుండవలెను. చేతులు బిగదీసికొని కఱ్ఱలవలె నున్నచో బాటమీది ప్రతి దెబ్బయు భుజములకును మెడకును ప్రాకును.

మూడవది మణికట్టు. దీనిని ఎవ్వరును లెక్కింపరు. పీటపై గూర్చుండి, కన్నులు మూసికొని, రెండు కఱ్ఱముక్కలను పట్టుకొన్నట్లుగా చేతులు ముందునకు చాపుడు. పిడికిళ్లు ఎట్లు నిలిచినవో కన్నులు దెఱచి చూడుడు. అవి అడ్డముగ నొకే వరుసలో నుండవు. ముందువెనుకలుగ పూర్తిగ నిలువబడియు నుండవు. రెండింటి నడుమ ఏటవాలుగ నుండును. అదే చేతికి ప్రకృతి యిచ్చిన నిలుకడ. హ్యాండిలు పిడి ఆ వాలునకు దగ్గఱగా నున్నచో మణికట్టు మెలిక పడదు.

ఇపుడు హ్యాండిలు రకములు చెప్పెదను. మన అంగళ్లలో ముఖ్యముగ నాలుగు విధములు గలవు.

మొదటిది వెనుకకు వంగిన హ్యాండిలు. పాత నల్లని బండిది ఇదియే. ఎద్దుకొమ్ములవలె ప్రక్కలకు పోయి, మనవైపు తిరిగి వచ్చును. మణికట్టునకు సుఖము, వీపునకు నిటారు, కన్నులకు బాటయంతయు కనబడుట దీని గుణములు. దీనికి దోషములును గలవు. ఎదురుగాలిలో మన ఱొమ్ము తెరచాపవలె గాలిని పట్టును. చెఱువుకట్టమీదికి లేచినిలిచి తొక్కునపుడు ముందుబరువు చాలదు. మిక్కిలి మలుపు త్రిప్పునపుడు పిడికొన మోకాలికి తగులవచ్చును.

రెండవది తిన్నని హ్యాండిలు. కొండబాటలకై పుట్టిన బండ్లకు ఇది యుండును. వెడల్పుగ నుండి, రాళ్లబాటలో ముందుచక్రమును అదుపులో నుంచును. ఎక్కుడు బాటలో దానిని పట్టి లాగుటకు బలము చిక్కును. కాని చేతులు అడ్డముగ నుండుటవలన మణికట్టు బయటికి మెలివడును. బరువు అరచేతిమీద పడును. అరగంట ప్రయాణమునకు నొప్పి తెలియదు. రెండుగంటల ప్రయాణమునకు తెలియును.

మూడవది పైకి లేచిన హ్యాండిలు. తిన్నని దానినే మధ్యనుండి రెండు మూడంగుళములు లేపి, కొంచెము వెనుకకు త్రిప్పినచో ఇది యగును. రెండింటికిని నడుమనున్న మధ్యేమార్గము. రాళ్లబాటయు, నిత్యప్రయాణమును రెండును గలవారికి ఇది తగినది.

నాలుగవది పందెపు హ్యాండిలు. పొట్టేలి కొమ్ములవలె క్రిందికి మడిచియుండును. గాలిని కోసికొనుచు వేగముగ పోవుటకు ఏర్పడినది. గంటకు 10, 12 కిలోమీటర్ల వేగమున అంగడికి పోవువానికి గాలి యంత పెద్ద శత్రువు కాదు గనుక, దానితో మనకు పనిలేదు. అభ్యాసముగల యువకులు మంచి తారుబాటపై దూరము పోవుటకు దానిని కోరినచో అడ్డుపెట్టవలదు.

ఇచట నే నెఱిగిన సంగతి యొకటి చెప్పెదను. జనగామకు సమీపమున నొక పల్లెలో డెబ్బదేండ్ల పెద్దమనిషి యొకడు గలడు. పట్టణమున నున్న కుమారుడు తండ్రిమీది ప్రేమతో తిన్నని హ్యాండిలును, ముందు వెనుకల షాకులును గల క్రొత్త బండి నొకదానిని కొనిపెట్టెను. కొన్ని వారములకు ఆ పెద్దమనిషికి చిటికెనవ్రేలును, దాని ప్రక్క వ్రేలును తిమ్మిరి యెక్క నారంభించెను. చెంబు పట్టుకొనిన జాఱిపోవుచుండెను. పక్షవాతపు సూచనయేమో యని ఇల్లంతయు భయపడెను. ఆయన నాతో, "బిడ్డ ప్రేమతో కొనిచ్చినాడు, వద్దనుట యెట్లు?" అనెను. వైద్యుడు పరీక్షించి, అరచేతి యంచున పోవు నరము నొక్కుకొనుచున్నదని చెప్పి, సైకిలుమీద ఎట్లు కూర్చుందువని యడిగెనట. ఊరి మిస్త్రీ ఆ హ్యాండిలు తీసివేసి, వెనుకకు వంగినదానిని వేసి, పిడులను సీటుకన్న అంగుళమున్నర మీదికి నిలిపెను. తిమ్మిరి క్రమముగ తగ్గెను. కొడుకు కొనిచ్చిన బండియు నిలిచెను, తండ్రి తిరుగుటయు నిలిచెను.

సైకిలు తొక్కువారికి ఈ తిమ్మిరి కలుగుట వైద్యశాస్త్రమున ప్రసిద్ధమే. కాని యొక హెచ్చరిక. సైకిలు దిగి కొన్నిదినములైనను తిమ్మిరి పోకున్నను, ముఖము గాని కాలు గాని అకస్మాత్తుగ ఒకవైపు పట్టుతప్పినను, హ్యాండిలును నిందించుచు గూర్చుండక తత్క్షణమే వైద్యునికడకు పోవలెను. మధుమేహము గలవారు మఱింత జాగ్రత్త వహింపవలెను.

బండి రకములను గూర్చి కొంత చెప్పవలసియున్నది. పాలక్యానులు, కల్లుకుండలు, గడ్డిమోపులు, మిరపబస్తాలు మోయువారికి పాత నల్లని బండికి సమానమైనది లేదు. దాని బరువు ఎక్కువయే, కాని దాని క్యారియరు ఎక్కువ బరువునకు ఓర్చును. విఱిగిన భాగము ఏ పల్లెలోనైనను దొరకును. ఏ మిస్త్రీయైనను ఒక పానాతో బాగుచేయును. బరువును వెనుకచక్రముమీద, వీలయినంత క్రిందుగ, ఇరుప్రక్కల సమముగ కట్టవలెను. హ్యాండిలునకు క్యానులు వ్రేలాడదీయుట మంచిది కాదు. ముందుచక్రము త్రిప్పునపుడు ఆ బరువు ఊగి, మన చేతిలోని బండిని తనవైపు లాగికొనును. లారీలు పోవు బాటలో ఆ లాగుడు ప్రాణాపాయము.

అంగళ్లలో మెఱయుచుండు షాకుల బండ్లను గూర్చి నా అభిప్రాయము స్పష్టముగ చెప్పెదను. చవుకరకపు షాకులు బండి బరువును పెంచును. త్రొక్కిన బలములో కొంత ఊగుటకే పోవును. వానికన్న వెడల్పైన టైరు, సరియైన గాలి, మంచి సీటు, ఈ మూడును ఎక్కువ సుఖము నిచ్చును. గేర్లు గల బండి జనగామవైపు ఎక్కుడు బాటలకు ఉపకరించును, కాని దానిని సరిచేయగల మిస్త్రీ మీ ఊరికి దాపున గలడేమో ముందు విచారింపుడు. గేరు లేని బండితోనే తేలిక కావలెనన్నచో ఉపాయ మొకటి గలదు. ముందు 44 పండ్లును, వెనుక 18 పండ్లును గల బండి ఒకమాఱు పైడిలు తిరిగినచో సుమారు 18 అడుగులు పోవును. వెనుక ఫ్రీవీలును 20 పండ్లదిగ మార్చినచో సుమారు 16 అడుగులు పోవును. వేగము కొంచెము తగ్గును, మోకాళ్ల శ్రమయు తగ్గును. వృద్ధులకు ఇది మేలైన బేరము.

నడుమ కడ్డీ లేని బండిని లేడీసు సైకిలని పిలిచి పురుషులు దానిని ఎక్కుటకు సిగ్గుపడుదురు. పంచె కట్టినవానికిని, తుంటినొప్పి గలవానికిని, కాలు వెనుకకు త్రిప్పలేనివానికిని దానికన్న మేలైనది లేదు. పడబోవు క్షణమున నేలపై కాలు వేగముగ మోపగలుగుట ఎంతటి రక్షణయో పడినవానికి తెలియును. సిగ్గుకన్న తుంటియెముక విలువైనది. గొలుసుపై మూత, రెండు మడ్గార్డులు ఉన్న బండినే యెన్నుకొనుడు. పంచెకును చీరకును అవి కాపుదల.

బ్యాటరీ సైకిళ్లును ఇపుడు వచ్చుచున్నవి. మన దేశపు నిబంధనలననుసరించి, మోటారు శక్తి 250 వాట్లకును, వేగము గంటకు 25 కిలోమీటర్లకును లోబడిన బండికి మోటారు వాహనముల లైసెన్సు అక్కఱలేదు. మోకాళ్లు సహకరింపని పెద్దలకు ఇవి మేలు చేయగలవు. కాని వానికిని సీటు, పైడిలు, హ్యాండిలు అను మూడు మాటలే వర్తించును. మోటారు కాళ్లకు తోడ్పడునేగాని మణికట్టునకు తోడ్పడదు.

హ్యాండిలును ఎత్తునపుడు పాటింపవలసిన జాగ్రత్త యొకటి గలదు. దయచేసి ఈ మాట మఱవకుడు. హ్యాండిలు కాండము చట్రములోనికి ఎంత దిగియుండవలెనో తెలుపు గీత యొకటి ఆ కాండముపై చెక్కబడియుండును. ఆ గీత బయటికి కనబడునంత ఎత్తరాదు. ఎత్తినచో గోతిలో పడిన క్షణమున కాండము ఊడియో, విఱిగియో, హ్యాండిలు చేతికి వచ్చును. గీతవఱకు ఎత్తినను చాలకున్నచో, పొడవైన కాండమునో, పైకి లేచిన హ్యాండిలునో వేయింపవలెను. దాని వెల క్రొత్తబండి వెలలో చిన్నభాగమే. కడ్డీ బ్రేకులు గల పాతబండిలో హ్యాండిలు కదిపినచో బ్రేకు కడ్డీలును కదలును. వానిని మరల సరిచూడక బండి యెక్కరాదు. బిగించిన పిమ్మట ముందుచక్రమును మోకాళ్లనడుమ నిఱికించుకొని హ్యాండిలును గట్టిగ త్రిప్పి చూడుడు. అది కదలినచో ఇంకను బిగింపవలెను. తడిసిన ఇనుపరిమ్ముపై బ్రేకు బాగుగ పట్టదు గనుక, వానలో ముందుగనే నెమ్మదింపుడు. రాత్రి వెనుకవైపు ఎఱ్ఱని మెఱుపుబిళ్లయు, ముందు దీపమును లేకుండ రహదారి యెక్కుట తగదు.

చివరకు ఇంటి బిడ్డలను గూర్చి. సైకిలు చదువునకు ఎంత తోడ్పడునో మన దేశమే చూపినది. 1990వ దశకపు ఆరంభమున తమిళనాడులోని పుదుక్కోట జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమముతో పాటు వేలాది స్త్రీలు సైకిలు నేర్చుకొనిరి. బీహారు ప్రభుత్వము 2006లో ఉన్నతపాఠశాలకు పోవు బాలికలకు సైకిళ్ల పథకము నారంభించెను. పిమ్మట బడిలో చేరు బాలికల సంఖ్య పెరిగినట్లు పరిశోధకులు తేల్చిరి. మన యిండ్లలోనో, పెరుగునుగదా యని బిడ్డకు రెండు సైజులు పెద్దబండి కొందుము. ఆ పిల్ల హ్యాండిలు నందుకొనుటకు సీటుముక్కుమీదికి జరిగి, ప్రక్కలకు ఊగుచు, బస్సుల నడుమ పోవును. ఒకనాడు పడును. ఆపై ఇంటివారు సైకిలు వద్దందురు. కొన్నాళ్లకు బడియు వద్దందురు. పెద్దబండి కొని మిగిల్చినది ఏమి? హ్యాండిలును, సీటును మూడేండ్లవఱకు క్రమముగ పెంచుకొనదగిన బండిని, నేటి కొలతకు సరిపడునది చూచి కొనుడు. కొనునపుడు బిడ్డను వెంట తీసికొనిపోవుడు. కొలత బిడ్డది, నిర్ణయము మీది.

కావున సైకిలు కొనువారికి నా మనవి సంగ్రహముగ చెప్పెదను. రంగును జూచి కొనకుడు. అంగడివానిని అడిగి ఒక మైలైనను తొక్కి చూడుడు. మొదట సీటు, తరువాత హ్యాండిలు అమర్పించుకొనుడు. వారము తొక్కిన పిమ్మట మరల మిస్త్రీకడకు పోయి, ఎచట నొచ్చినదో చెప్పుడు. అరచేయి నొచ్చినచో హ్యాండిలు లేపవలెను. పిఱ్ఱలు నొచ్చినచో సీటు చూడవలెను. మోకాలి ముందుభాగము నొచ్చినచో సీటు మిక్కిలి క్రిందుగ నున్నదేమో చూడవలెను. మెడ నొచ్చినచో హ్యాండిలు దూరమైనదని తెలియవలెను. ఇదివఱకే ఇంటిలో గోడకానించి తుప్పు పట్టుచున్న బండి యున్నచో, దానిని అమ్ముటకు ముందు ఒక్కమాఱు ఈ కొలతలతో అమర్పించి చూడుడు. పలువురి యిండ్లలో క్రొత్తబండి అక్కఱ లేకయే పోవును.

మీరు మఱి కొన్ని యేండ్లు మీ కాళ్లమీద, మీ చక్రములమీద, ఎవ్వరి తీరికకును కాచుకొనక తిరుగుచుందురుగాక యని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.